కోసి కాల్చు రంగుల బిస్కత్తులు

వేసవి సెలవులలో బంధువులందఱు నొక యింట గూడినప్పుడు పిల్లల చేతికి నేమి పెట్టవలెనను ప్రశ్న ప్రతి గృహమునందును పుట్టును. సున్నుండలు, జంతికలు, కజ్జికాయలు మనకు గలవు. వానికి సాటి వేఱొకటి లేదు. కాని యవి పెద్దలు చేయగా పిల్లలు తినునవి. కాగుచున్న నూనె మూకుడు దగ్గఱకు బాలురను రానీయరు. పిల్లలే తమ చేతులతో కలిపి, చుట్టి, కోసి, కాల్చుటకు పెద్దల కందీయదగిన వంటకము నొకదానిని గూర్చి యీ వ్యాసమున వ్రాయుచున్నాను. నేను పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధించువాడను, వంటవాడను గాను. అందుచేత వంటకంటె నందలి కారణములే యెక్కువగా వ్రాయుదునేమో! పాఠకులు సహింతురు గాక.

ఈ బిస్కత్తులను అమెరికా దేశమున 'ఐస్‌బాక్సు కుక్కీలు' అందురు. కుక్కీ యనుమాట డచ్చి భాషలో 'చిన్న కేకు' అను నర్థము గల 'కూకియ' అను పదమునుండి వచ్చినది. 17వ శతాబ్దమున డచ్చివారు, నేడు న్యూయార్కు అనబడు తావున కాపురములేర్పఱచుకొని తమ మాటను అచ్చట విడిచిపోయిరి. ఆ శతాబ్దముననే వారు మన మచిలీపట్టణమునందును వర్తకశాల పెట్టి కలంకారీ బట్టలు కొనుచుండిరి. ఇచ్చట మాత్రము ఆ మాట నిలువలేదు. మనకు నిలిచినది బిస్కత్తు. దానికి లాటిను భాషలో 'రెండుమాఱులు కాల్చినది' యని యర్థము.

ఇక ఐస్‌బాక్సు సంగతి. విద్యుచ్ఛక్తితో మంచు చేయుట రాక పూర్వము అమెరికా ఈశాన్యభాగమున శీతకాలమందు చెఱువులు గడ్డకట్టినప్పుడు ఆ గడ్డలను ఱంపములతో కోసి, ఱంపపుపొట్టులో కప్పి, వేసవివఱకు నిలువచేయుచుండిరి. ఆ వ్యాపారము మన దేశమునకు గూడ వచ్చినది. 1833వ సంవత్సరమున బోస్టను రేవునుండి బయలుదేఱిన యోడ మంచుగడ్డలతో కలకత్తా చేరెను. మద్రాసు సముద్రతీరమున నిప్పటికిని నిలిచియున్న 'ఐస్ హౌసు' ఆ మంచును దాచుటకు కట్టినదే. 1897లో స్వామి వివేకానందుడు బస చేసినదియు నా భవనముననే. అమెరికా గృహములలో లోపల రేకు తాపడము చేసిన కొయ్యపెట్టె యుండెడిది; పై యఱలో మంచుగడ్డ, క్రింది యఱలో పాలు, వెన్న, మాంసము. ఆ పెట్టెయే ఐస్‌బాక్సు. అందులో పిండిని కడ్డీగా చుట్టి రాత్రి యుంచి, మఱునాడుదయము గట్టిపడిన కడ్డీని బిళ్ళలుగా కోసి కాల్చుచుండిరి. 1927 తరువాత విద్యుచ్ఛక్తితో నడచు రిఫ్రిజిరేటర్లు ఆ దేశమున విస్తారముగా వ్యాపింపగా, ఈ వంటకము మఱింత ప్రచారమునకు వచ్చినది.

ఇది వేసవి కేల తగియున్నదన, శ్రమ యంతయు ముందునాడే ముగియును. పండుగనాడు ప్రొద్దున చల్లని వేళ అరగంట పొయ్యి వెలిగించిన చాలును. జూలై 4వ తేదీ స్వాతంత్ర్యదినమున అమెరికనులు బంధుమిత్రులతో ఆరుబయట గూడి భుజించునప్పుడు తమ జెండా రంగులైన ఎఱుపు, తెలుపు, నీలములతో నిట్టి బిళ్ళలు చేయుట కలదు. మనకు మే నెలయే కూడికల నెల.

పాళ్ళు జ్ఞాపకముంచుకొనుటకు మిక్కిలి సులభము. జర్మనులు దీనిని 'ఒకటి-రెండు-మూడు పిండి' యందురు: ఒక పాలు చక్కెర, రెండు పాళ్ళు వెన్న, మూడు పాళ్ళు పిండి. ఇది తూకమే గాని గిన్నె కొలత కాదు. కావున 100 గ్రాముల చక్కెర పొడి, 200 గ్రాముల వెన్న, 300 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు. గ్రుడ్డు తినువారు ఒక పచ్చసొనను, తిననివారు రెండు చెంచాల చల్లని పాలను చేర్చవచ్చును. ఏలకులపొడి వేసినచో మన నాలుకకు పరిచితముగా నుండును. సోడా గాని బేకింగు పౌడరు గాని యక్కఱలేదు. అక్కఱలేదనుటయే కాదు, వేయకూడదు; పొంగిన పిండిలో గీతలు చెదరి బొమ్మలు వికారమగును. మఱియొక కారణము ముందు చెప్పెదను.

వెన్నను గూర్చి హెచ్చరిక యవసరము. అంగడిలో దొరకు వెన్నలో నూటికి 80 వంతులు కొవ్వు; మిగిలినదానిలో నధికభాగము నీరు. ఇంట చిలికిన వెన్నలో నీరింకను హెచ్చు. నీరు హెచ్చినకొలది మైదాలోని మాంసకృత్తులు సాగి జిగురగును. బిస్కత్తు కరకరలాడక రొట్టెవలె నమలవలసివచ్చును. కావున ఇంటి వెన్నను చల్లని నీటిలో కడిగి, అఱచేతితో నొత్తి, నీరు పోగొట్టవలెను. కరిగించి నేయి చేసి పోయుట తప్పు. నేతితో చేయు నాన్‌ఖటాయి వేఱు వంటకము, దాని రుచి దానిది. వెన్నను చక్కెరతో కలిపి గిలకొట్టి, తరువాత పిండి చేర్చి, ముద్దయగువఱకు మాత్రమే కలుపవలెను. పూరీపిండివలె మర్దించినచో చెడును. పిల్లలకు ఇచ్చటనే యడ్డుచెప్పవలసివచ్చును; మర్దించుట వారికి పరమానందము.

ఇప్పుడు చల్లదనపు మాట. పాలకొవ్వు సుమారు 32 మొదలు 35 డిగ్రీల వేడిలో పూర్తిగా కరగిపోవును. రెంటచింతలలోను, విజయవాడలోను, రామగుండములోను మే నెల మధ్యాహ్నపు టెండ 40 డిగ్రీలు దాటును. వంటయింటిలో గాలియే వెన్నను కరిగింపజాలినదన్నమాట! మా యింట మొదటిసారి చేసినప్పుడు మధ్యాహ్నము రెండు గంటలకు పూనుకొంటిమి. పిండి చేతికంటి, పీటకంటి, తుదకు ఓవెనులో బిళ్ళలన్నియు నొకటిగా కలిసి పళ్ళెమంత యట్టు తయారయ్యెను. దానిని విఱిచి తింటిమి. రుచికి లోపము లేదు గాని కోసి కాల్చినదని చెప్పుకొనుటకు వీలులేకపోయెను. అప్పటినుండి తెల్లవారుజామున ఐదు గంటలకు పిండి కలుపుచున్నాము. చల్లబడుటచే మూడు పనులగును. వెన్న గట్టిపడి కత్తికి నిలుచును. పిండి తడిని నిదానముగా పీల్చుకొనును, కలుపునప్పుడు సాగిన జిగురు సడలును. పొయ్యిలో బిళ్ళ యంచులు గట్టిపడుటకును, లోపలి వెన్న కరగుటకును నడుమ కొంత వ్యవధి దొరకును. ఆ వ్యవధియే బిళ్ళ యాకారమును కాపాడును. రిఫ్రిజిరేటరులో 2 గంటలు కనీసము. రాత్రియంతయు నుంచిన మఱింత మేలు.

రంగుల బొమ్మలు ఎట్లు వచ్చునో చెప్పవలసియున్నది. తొమ్మిదవ తరగతి విద్యార్థులు స్తంభాకృతి యొక్క లక్షణమును చదివియుందురు: దానిని అడ్డముగా నెచ్చట కోసినను ఒకే ముఖము కనబడును. ఈ బిస్కత్తుల రహస్యమంతయు నింతే. ఒకమాఱు కడ్డీని సరిగా నిర్మించితిమేని అరువది బిళ్ళలపై అరువదిమాఱులు బొమ్మ వేయ నక్కఱలేదు. వెనిసు దగ్గఱి మురానో దీవిలో గాజుకమ్ములను కట్టగట్టి కోసి పువ్వులు చేయువారును ఈ సూత్రమునే యనుసరింతురు.

చదరంగపు బల్ల చేయదలచినచో తెల్లపిండి, గోధుమరంగు పిండి వేఱువేఱుగా సెంటిమీటరు దళసరిని పఱచి, సెంటిమీటరు వెడల్పున బద్దలు కోయవలెను. మూడు బద్దల వరుసలు మూడు పేర్చిన తొమ్మిది గళ్ళగును. ఇచ్చట నొక చిక్కు. తొమ్మిదింటిలో ఐదు ఒక రంగువి, నాలుగు రెండవ రంగువి. పిండిని సగము సగము పంచినచో ఒకటి మిగిలిపోవును. ఐదుకు నాలుగు చొప్పున పంచవలెను, లేదా నాలుగు వరుసలు పేర్చి పదునాఱు గళ్ళు చేసికొనవలెను. మా మేనకోడలు తొమ్మిదేండ్లది, ఈ లెక్కను పీటమీదనే కనుగొనినది. అదే లెక్కను నల్లబల్లమీద చెప్పినచో ఆవులించియుండెడిది.

చుట్టల బొమ్మకు రెండు రంగుల పిండిని అర సెంటిమీటరు దళసరిని అప్పడాల కఱ్ఱతో పఱచి, ఒకదానిపై నొకటి వేసి, చాపవలె చుట్టవలెను. క్రింది పొరను పై పొరకంటె ఒక సెంటిమీటరు ముందుకు జరిపి చుట్ట నారంభించినచో నడుమ ఖాళీ రాదు. ఆఱు సెంటిమీటర్ల మందమున్న 10 సెంటిమీటర్ల కడ్డీని మెల్లగా దొర్లించి మూడు సెంటిమీటర్లకు సన్నగిల్లజేసినచో దాని పొడవెంత యగునని పిల్లల నడుగుడు. ఇరువది యందురు. పిండి తగ్గలేదు, పెరుగలేదు. మందము సగమైన కోతముఖము నాల్గవవంతగును. కావున పొడవు 40 సెంటిమీటర్లు. పీట చాలక కడ్డీని రెండుగా కోయవలసివచ్చినప్పుడు గాని వారు నమ్మరు.

రంగుల యధ్యాయము మిక్కిలి ముఖ్యమైనది. కోకో పొడి యన్నిటికంటె నమ్మదగినది. వేడికి చెడదు, రుచియు నిచ్చును. 150 గ్రాముల పిండిముద్దకు ఒకటిన్నర చెంచా చాలును. పసుపు మంచి పచ్చనిరంగు నిచ్చును, చిటికెడు దాటరాదు. సోడా వేయకూడదనుటకు రెండవ కారణ మిదియే: పసుపు క్షారముతో కలిసిన ఎఱ్ఱబడును. పెండ్లిండ్లలో హారతిపళ్ళెమునందు పసుపునీటిలో సున్నము కలుపగనే ఎఱ్ఱనీరగుట మనమందఱ మెఱిగినదే కదా! సోడా కలిసిన పసుపు బిస్కత్తు తుప్పురంగు తిరుగును. నారింజ వన్నెకు జాఫ్రా గింజలు శ్రేష్ఠము. ఈ చెట్టు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చి మన మన్యములో చక్కగా పెరుగుచున్నది. దాని రంగు నీటిలో కంటె కొవ్వులో బాగుగా దిగును. కావున గింజలను కొంచెము వేడినేతిలో నుంచి వడగట్టి, ఆ నేయి చల్లారి పేరుకొన్న పిమ్మట వెన్నలో కలుపవలెను.

ఎఱుపు కష్టము. బీట్‌రూటు పిండిలో నున్నంతవఱకు చూడముచ్చటగా నుండి, పొయ్యిలో వాడి గోధుమవన్నె తిరుగును. దాని వర్ణద్రవ్యము వేడికి విఱిగిపోవును. ఎండబెట్టి పొడిచేసిన బీట్‌రూటును వాడి, నాలుగు చుక్కల నిమ్మరసము చేర్చి, వేడిని తగ్గించినచో గులాబివన్నె కొంత నిలుచును. ఆకుపచ్చకు పాలకూర వాడినచో, ఆకులోని పత్రహరితము వేడిచే తన మెగ్నీషియమును కోల్పోయి ముదురాకు వన్నె యగును. దానికి సోడా వేసిన పచ్చదనము నిలుచునుగాని పసుపు చెడును! ఒకే కడ్డీలో ఈ రెంటికిని సంధి కుదుర్చుట నాకు చేతగాలేదు.

ఈ కష్టములచేతనే జనులు అంగడి రంగులకు పోవుదురు. నేనును పోయితిని. మూడేండ్ల క్రిందట బంధువుల పిల్లలు పలువురు వచ్చుచుండగా, ఎఱుపు బాగుగా రావలెనను చాపల్యముచే, ఒక దుకాణమున విడిగా కట్టి యిచ్చిన ఎఱ్ఱని పొడిని పది రూపాయలకు తెచ్చితిని. ఒక చెంచా వేయగనే పిండి మంకెనపువ్వువలె నెఱ్ఱబడెను. నాకు సంతోషమయ్యెను. అప్పుడు మేనకోడలు పొట్లమును త్రిప్పి చూచి, "మామయ్యా, దీని పేరేమి? పొట్లముమీద ఏమియు వ్రాసి లేదే!" యని యడిగినది. నాకు జవాబు దొరకలేదు. ప్రయోగశాలలో పేరు వ్రాయని సీసాను ముట్టవలదని ప్రతియేడును నేనే చెప్పుదును. నా చేతుల గులాబిరంగు ఎన్ని సబ్బులకును మూడు దినములు వదలలేదు. ఆ పిండి యంతయు, 200 గ్రాముల వెన్నతో సహా, పెరటిలో గోయి తీసి పూడ్చితిమి. మా అక్కయ్య యేమియు ననలేదు. వెన్న డబ్బాను ఒకమాఱు చూచి ఊరకుండెను.

ఆ భయము అకారణము గాదు. బట్టలకును కాగితములకును వేయు రోడమిను-బి అను గులాబి రంగు తినుబండారములలో కనబడుటచే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వము పీచుమిఠాయి అమ్మకమును నిషేధించెను. మఱుసటి నెలలో కర్ణాటక ప్రభుత్వము పీచుమిఠాయిలోను, గోబీ మంచూరియాలోను కృత్రిమ వర్ణములను నిషేధించెను. ఒకప్పుడు అంగీకరింపబడిన రంగులును నిరపాయములని చెప్పరాదు. 1950వ సంవత్సరమున అమెరికాలో నారింజరంగు మిఠాయి తిని పలువురు పిల్లలు జబ్బుపడిరి. ఆ రంగు అప్పటికి ప్రభుత్వపు జాబితాలోనిదే, కాని మితిమీఱి వాడబడినది. తరువాత దానిని జాబితానుండి తీసివేసిరి. ఎరిత్రోసిను అను ఎఱుపునకు అచ్చటి ప్రభుత్వము 2025 జనవరిలో అనుమతి నుపసంహరించినది.

మన దేశపు 2011వ సంవత్సరపు ఆహారనియమములు ఎనిమిది కృత్రిమ వర్ణముల నంగీకరించుచు, బిస్కత్తులలో కిలోకు 100 మిల్లీగ్రాములు మించరాదని విధించినవి. ఇది యెంత? మనము చేయు 600 గ్రాముల పిండికి 60 మిల్లీగ్రాములు. ఒక బియ్యపుగింజ సుమారు 20 మిల్లీగ్రాములు తూగును. కావున మొత్తము పిండికి మూడు బియ్యపుగింజల యెత్తు రంగు! నేను వేసినది చెంచా. రంగు కొనక తప్పదనువారు, పేరు, అనుమతి సంఖ్య, 'ఆహారపదార్థములకు' అను మాట గల మూసిన సీసానే కొని, అందు వ్రాసిన మోతాదును దాటకుందురు గాక. విడిపొడిగా దొరకు పసుపులో మెటానిల్ ఎల్లో అను రంగు కలిసినదేమో చూచుటకు మన ప్రయోగశాలలో పరీక్ష గలదు. పసుపు కలిపిన నీటిలో హైడ్రోక్లోరికామ్లపు చుక్కలు వేసిన ఎఱుపుతో కూడిన గులాబివన్నె వచ్చి, నీరు పోసినను పోకుండినచో కల్తీ యున్నట్లు. స్వచ్ఛమైన పసుపునందు వచ్చు ఎఱుపు నీరు పోయగనే పోవును. ఉపాధ్యాయుని యెదుటనే చేయవలెను.

కోయుట, కాల్చుట యిక మిగిలినవి. కడ్డీని బటరుపేపరులో చుట్టి, పళ్ళెములో పోసిన బియ్యముమీద పండబెట్టి చల్లబఱచినచో అడుగు చదునుగాక గుండ్రముగా నుండును. పలుచని వాడికత్తితో అర సెంటిమీటరుకు కొంచెము మించి కోయుచు, ప్రతి కోతకును కడ్డీని పావువంతు త్రిప్పుచుండవలెను. లేనిచో ఒకే ప్రక్క నొత్తిడి పడి బిళ్ళ అరటిపండు ముక్కవలె వంకరయగును. తెల్లవి, కోకో వేసినవి 170 డిగ్రీల వేడిలో 10 మొదలు 12 నిమిషములు. ఆకుల, దుంపల రంగులవి 160 డిగ్రీలలో 14, 15 నిమిషములు. అంచు లేతబంగారు వన్నె కాగానే తీయవలెను. పిండియే ఎఱ్ఱగా వేగినచో మనము వేసిన రంగులన్నియు నొక్కటేయగును. తీసినప్పుడు మెత్తగానుండుట చూచి పచ్చిగానున్నవని భ్రమపడి మరల పెట్టరాదు, చల్లారగా గట్టిపడును.

ఓవెను లేనివారు మందపాటి ఇనుప పాత్రలో ఉప్పు పఱచి, పైన ముక్కాలిపీట వంటిది పెట్టి, మూతవేసి పావుగంట కాచి, అందు పళ్ళెము పెట్టి సన్నని సెగను కాల్చవచ్చును. మన పట్టణములలో పలువురు మైదా, చక్కెర, నేయి తీసికొనిపోయి బేకరీలో బిస్కత్తులు కాల్పించుకొని డబ్బాల కెత్తుకొని వచ్చుట యాచారము. కోసిన బిళ్ళలను మంచుగడ్డలమధ్య నుంచి తీసికొనిపోయినచో వారు వలదనరు.

తల్లులకు ఒక మాట. పచ్చి పిండిని పిల్లలు నాకకుండ చూడుడు. 2009వ సంవత్సరమున అమెరికాలో కోసి కాల్చుటకై అమ్మిన పిండిని పచ్చిగా తిని డెబ్బదిమందికి పైగా ఇ. కోలై సూక్ష్మజీవిచే రోగగ్రస్తులైరి. గ్రుడ్డు మాత్రమే కారణమని లోకమనుకొనుచుండెను. పచ్చి మైదాయు నట్టిదేనని ఆ దరిమిలా జరిగిన పరిశోధనలచే తెలియవచ్చినది. పొలములో పడిన క్రిములు మరలో చావవు, పొయ్యిలోనే చచ్చును. గ్రుడ్డు వేయలేదు గదా యని ధైర్యపడరాదు.

చుట్టిన పిండి రిఫ్రిజిరేటరులో మూడు దినములు, గడ్డకట్టించు అఱలో రెండు నెలలు నిలుచును. కరెంటు పోయి కడ్డీ మెత్తబడినచో వెంటనే కాల్చివేయుటయే మంచిది. కాల్చినవి పూర్తిగా చల్లారినపిమ్మటనే డబ్బాలో పెట్టి మూత బిగింపవలెను. వెచ్చగా మూసినచో ఆవిరి పట్టి కరకర పోవును. మా యింట క్రిందటి వేసవిని తెలుపు, కోకో, జాఫ్రా మూడు రంగులతో అరువదినాలుగు బిళ్ళలు వచ్చినవి. గులాబివి ఆఱు మాత్రమే కుదిరెను. ఆ యాఱింటిని ఎవరికి పెట్టవలెనన్న వివాదమును మా మేనకోడలు ఒక్కొక్కదానిని నాలుగు ముక్కలుగా కోసి తీర్చినది.